మొహమాటం ఇంట్లో పెట్టి బయల్దేరండి

పెద్ద ఊళ్ళో ఒంటరిగా తిరిగేటప్పుడు మీకు ఎదురయ్యే ఇబ్బందులు, అనుమానాలు రాయమని పోయిన సంచికలో అడిగాం. చాలానే వచ్చాయి. అన్నిటికీ జవాబివ్వడం కుదరదు, అందుకని ఎక్కువమంది అడిగిన వాటిని ఏరుకున్నాను. పేర్లు తీసేశాను, ఊళ్ళు ఉంచాను. దాదాపు అన్నీ హైదరాబాద్ చుట్టూనే తిరిగాయి, ఒక్కటి మాత్రం షికాగో దాకా వెళ్ళింది.

ప్రశ్న: మా అమ్మాయికి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటోంది. రాత్రి పదిన్నరకి షిఫ్టు అయిపోతుంది. హాస్టల్ చేరేదాకా ఫోన్ పెట్టొద్దు, మాట్లాడుతూనే ఉండు అంటాను. అది విసుక్కుంటోంది. నాకేమో ఒకటే టెన్షన్. నేను చేస్తున్నది తప్పా? (ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: తప్పు అనను గానీ అమ్మా, ఆ ఫోన్ మాత్రం పెట్టేయండి. మీతో మాట్లాడుతూ నడుస్తున్న పిల్లకి వెనక బండి నెమ్మదించిన చప్పుడు వినపడదు, ఎదురుగా ఎవరు నిలబడ్డారో సగమే కనపడుతుంది, పైగా చెవి దగ్గర పట్టుకున్న ఫోన్ బైక్ మీద వచ్చేవాడికి అందే ఎత్తులోనే ఉంటుంది. మీ ధైర్యం కోసం ఆమె కళ్ళూ చెవులూ మీరు వాడుకుంటున్నారు. బయల్దేరేటప్పుడు ఒక మెసేజ్, చేరాక ఒక మెసేజ్, మధ్యలో వాట్సాప్ లైవ్ లొకేషన్ గంటసేపు. ఇంతకు ఒప్పందం చేసుకోండి, విసుక్కోదు. ఎవరో వెంట వస్తున్నట్టు అనిపిస్తే అప్పుడు తనే మీకు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడుతుంది. అలాంటప్పుడు మీ ఇద్దరికే తెలిసిన ఒక మాట పెట్టుకోండి. ఉదాహరణకు 'పిన్నికి జ్వరం తగ్గిందా' అని అడిగిందంటే ఏదో తేడాగా ఉందని మీరు అర్థం చేసుకోవాలి.

సరే, అర్థమైంది. ఖమ్మంలో ఉన్న మీరు అప్పుడేం చేస్తారు? తల్లిదండ్రుల్లో చాలామంది ఇక్కడే తెల్లమొహం వేస్తారు. హాస్టల్ వార్డెన్ నంబరు ఉండదు, పక్క గదిలో అమ్మాయి నంబరు ఉండదు, హాస్టల్ అడ్రస్ అడిగితే 'అమీర్‌పేటలోనే ఎక్కడో' అంటారు. ముందు ఆ మూడూ రాసిపెట్టుకోండి. అత్యవసర నంబరు 112కి మీరు ఖమ్మం నుంచి కూడా చేయొచ్చు, కాకపోతే అమ్మాయి ఎక్కడుందో చెప్పగలగాలి. లైవ్ లొకేషన్ పనికొచ్చేది అప్పుడే.

ఇక అమ్మాయికి చెప్పాల్సినవి. మొదట కంపెనీని అడగమనండి. రాత్రిపూట ఆడవాళ్ళతో పనిచేయించే ఐటీ కంపెనీలు ఇంటికి చేర్చే ఏర్పాటు చేయాలన్న షరతు మీదే ప్రభుత్వం వాటికి అనుమతిస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు అడగడానికి మొహమాటపడి సొంత డబ్బుతో క్యాబ్‌లు ఎక్కుతుంటారు. ఆ మొహమాటం దేనికో నాకు అర్థం కాదు. క్యాబ్ తప్పదనుకుంటే ముందు నంబర్ ప్లేటు, తర్వాత డ్రైవర్ మొహం, ఈ రెండూ యాప్‌లో ఉన్నవాటితో కలిశాకే ఓటీపీ. 'మీరు ఫలానా వాళ్ళ కోసమేనా' అని తన పేరు తనే చెప్పకూడదు, 'ఎవరి పేరు మీద బుకింగ్?' అని అడగాలి. పేరు మనమే అందిస్తే ఎవడైనా తలాడిస్తాడు. ఎక్కాక తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందో లేదో ఒకసారి చూసుకోవాలి, డ్రైవర్ ఏమనుకుంటాడో అని ఆలోచించక్కర్లేదు.

2024 మార్చిలో తెలంగాణ పోలీసులు ఒంటరి ప్రయాణాల భద్రత కోసం టీ-సేఫ్ అనే సేవ మొదలుపెట్టారు. చాలామందికి ఇంకా తెలియదు. ప్రయాణం మొదలైనప్పుడు యాప్‌లో గానీ, 100కి ఫోన్ చేసి 8 నొక్కి గానీ చెప్తే మీరు వెళ్తున్న దారిని వాళ్ళు గమనిస్తుంటారు. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా పనిచేస్తుంది. ఆంధ్రలో ఉన్నవాళ్ళకి 2025 మార్చిలో వచ్చిన శక్తి యాప్ ఉంది. ఏదైనా సరే, అవసరం పడ్డ రోజు డౌన్‌లోడ్ చేసుకుందాంలే అనుకుంటే కుదరదు. ఈ ఆదివారం ఇంట్లో కూర్చుని ఒకసారి నొక్కి చూడమనండి.

ఇంకొక్కటి. మెట్రో దిగాక హాస్టల్ దాకా నడిచే ఆ కాసేపే అసలు కష్టం. దగ్గరి దారి అని చీకటి సందులోకి తిరగకుండా కర్రీ పాయింట్లు, మెడికల్ షాపులు తెరిచి ఉండే దారిలో రమ్మనండి, రెండు నిమిషాలు ఎక్కువైనా పర్వాలేదు. రోజూ అదే షాపులో ఏదో ఒకటి కొంటే షాపతను గుర్తుపడతాడు. ఆ వీధిలో పోలీసుకన్నా ముందు అందుబాటులో ఉండేది అతనే.

ప్రశ్న: మాది వనస్థలిపురం. పొద్దున్నే గుడికి వెళ్తుంటే బైక్ మీద ఇద్దరు వచ్చి పోలీసులమని కార్డు చూపించారు. 'ముందు వీధిలో దొంగతనం జరిగింది, పెద్దావిడ ఇన్ని నగలు పెట్టుకుని తిరుగుతారా, తీసి బ్యాగులో వేసుకోండి' అని గద్దించారు. గాజులు తీయబోయాను కూడా. ఇంతలో పాలబ్బాయి ఆగి 'ఏంటి మేడమ్' అనేసరికి వెళ్ళిపోయారు. అంతమంది పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, ఇంత తెలివితక్కువగా ఎలా చేశాను? (రిటైర్డ్ టీచర్)

జవాబు: తెలివి తక్కువై కాదు టీచర్ గారూ, మీరు పద్ధతి గల మనిషి కాబట్టే చేశారు. ఖాకీ మాట వినాలి అని పెరిగినవాళ్ళని ఏరుకుని మరీ ఆడే నాటకం ఇది. చాలా పాతది, ఇంకా ఆడుతూనే ఉంది. మామూలుగా ఇందులో మూడోవాడు కూడా ఉంటాడు. మీ ముందే వాళ్ళు దారిన పోయే ఒకణ్ణి ఆపి మెడలో గొలుసు తీయమంటారు, వాడు బుద్ధిగా తీసి కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోతాడు. వాడూ వాళ్ళవాడే. అది చూశాక మీకు అనుమానం పోతుంది. మీ నగలు కాగితంలో చుట్టి ఇచ్చేటప్పుడు పొట్లం మారిపోతుంది, ఇంటికెళ్ళి విప్పితే రాళ్ళు.

అసలు పోలీసు ఎవరూ రోడ్డు మీద మీ నగలు తీయమనరు, చేత్తో పట్టుకోరు, పొట్లం కట్టరు. ఎవరైనా అలా అన్నారంటే అంతటితో తేలిపోయింది, కార్డు చదవాల్సిన పని కూడా లేదు. 'అలాగే నాయనా, ఆ షాపులో కూర్చుని తీస్తాను' అని నడుచుకుంటూ జనంలోకి వెళ్ళిపోండి. లేదా అక్కడే 100కి ఫోన్ చేసి, 'ఇద్దరు పోలీసులు ఆపారు, మీవాళ్ళేనా' అని వాళ్ళకి వినపడేలా అడగండి. నిజమైన పోలీసు అయితే ఏమీ అనుకోడు. మీకు జరిగింది స్టేషన్‌లో చెప్పారా? ఆ సంగతి ఉత్తరంలో రాయలేదు. ఏమీ పోలేదు కదా అని ఊరుకోకండి, ఆ వీధి కెమెరాల్లో బండి నంబరు దొరకొచ్చు, రేపు అదే దారిలో ఇంకొకావిడ వస్తుంది.

గొలుసు లాగేవాళ్ళ గురించి కూడా ఇంకొందరు అడిగారు. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళు, వాకిట్లో వంగి ముగ్గు వేసేవాళ్ళు వాళ్ళకి తేలిక. వచ్చే బండ్లు ఎదురుగా కనపడేలా రోడ్డుకి కుడివైపున నడవండి, వెనక నుంచి వచ్చి లాగడం కష్టమవుతుంది. అడ్రస్ అడుగుతూ బైక్ దగ్గరికి వచ్చి ఆగితే రెండడుగులు వెనక్కి జరిగి జవాబు చెప్పండి. చెప్పకపోయినా పర్వాలేదు, ఈ రోజుల్లో మ్యాప్ లేని ఫోన్ ఎవరి దగ్గరుంది? పుస్తెలతాడు మీద చెయ్యి పడితే గింజుకోవాలనే అనిపిస్తుంది, అది సహజం. కానీ బండి వేగంలో కింద పడితే తల పగులుతుంది, గొలుసు వదిలేయండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇలా లాక్కోవడాన్ని 304వ సెక్షన్ కింద విడిగా నేరంగా పెట్టారు, మూడేళ్ళ దాకా జైలు. పోయిన వస్తువు చిన్నదైనా ఫిర్యాదు ఇవ్వండి.

ప్రశ్న: ఎప్పుడూ ఆడవాళ్ళ గురించే రాస్తారు. నేను శ్రీకాకుళం నుంచి గ్రూప్స్ కోచింగ్‌కి వచ్చి అశోక్‌నగర్‌లో ఉంటున్నాను. కోఠి బస్సులో ఫోన్ కొట్టేశారు. తెల్లారేసరికి అకౌంట్లో డబ్బులు కూడా పోయాయి. మగవాళ్ళకి జాగ్రత్తలు అక్కర్లేదా? (ఒక పాఠకుడు)

జవాబు: కరెక్టే తమ్ముడూ, ఒప్పుకుంటున్నాను. ఫోన్ పోతే మగవాళ్ళు ముందు రెండు గంటలు స్నేహితుల దగ్గర తిట్టుకుంటూ గడిపేస్తారు. దొంగకి కావాల్సింది ఆ రెండు గంటలే. నీ ఫోన్ లాక్ తెరవలేకపోయినా సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ అతనికే వస్తాయి. అందుకని ముందు చేయాల్సింది పక్కవాడి ఫోన్ అడిగి కస్టమర్ కేర్‌కి చేసి సిమ్ ఆపించడం, ఆ వెంటనే బ్యాంకుకి చెప్పి యూపీఐ, కార్డులు ఆపించడం. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి దాటకముందే ఆపగలిగితేనే వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది, తెల్లారాక చూద్దాం అనుకుంటే చాలాసార్లు అయిపోయినట్టే. నువ్వు ఇంకా చేయకపోతే ఈ జవాబు చదవడం ఆపి చెయ్యి, ఆలస్యమైనా సరే.

తర్వాత స్టేషన్. బస్సులో పోయింది, ఏ స్టేషన్ పరిధో తెలియదు అంటారు చాలామంది. కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) ప్రకారం పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాసుకోవాలి, 'ఇది మా కిందికి రాదు' అంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమనే అడుగు. ఫిర్యాదు కాపీ, ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఉంటే కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఫోన్‌ని బ్లాక్ చేయొచ్చు, ఆ తర్వాత అది ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు, ఎవరైనా కొత్త సిమ్ వేస్తే జాడ తెలుస్తుంది. ఐఎంఈఐ ఫోన్ డబ్బా మీద ఉంటుంది. డబ్బా పారేసినవాళ్ళు ఇప్పుడే *#06# కొట్టి చూసి రాసిపెట్టుకోండి. డూప్లికేట్ సిమ్ వచ్చాక మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, కంగారు పడొద్దు, అది నీ మంచికే పెట్టిన రూలు.

కొత్త ఫోన్ కొన్నాక సెట్టింగ్స్‌లో సిమ్‌కి పిన్ పెట్టు. అప్పుడు సిమ్ ఏ ఫోన్‌లో వేసినా పిన్ అడుగుతుంది. మొదటిసారి పెట్టేటప్పుడు పాత పిన్ అడుగుతుంది, అది కంపెనీని బట్టి మారుతుంది. ఊహించి కొట్టొద్దు, మూడుసార్లు తప్పితే సిమ్ లాక్ అవుతుంది. కస్టమర్ కేర్‌ని అడిగి కొట్టు.

బస్సులో ఎలా పోతుందో కూడా చెప్తాను. ఎక్కేటప్పుడు మెట్టు మీద ఒకడు అడ్డంగా ఆగిపోతాడు, వెనక నుంచి ఇంకొకడు తోస్తాడు, నువ్వు ముందువాడి మీద కోపంలో ఉంటావు, జేబు ఖాళీ. లేదంటే చొక్కా మీద ఏదో పడిందని చూపిస్తారు, కింద పదిరూపాయల నోట్లు పారేసి 'మీవేనా' అంటారు. షేర్ ఆటోలో ముందే ఎక్కి కూర్చున్న ముగ్గురు 'కొంచెం జరగండి, ఇరుకుగా ఉంది' అని నిన్ను అటూ ఇటూ కదిలిస్తారు. ఎవరైనా నిన్ను తొందరపెడుతున్నా, నీ చూపు ఒకవైపు తిప్పిస్తున్నా ముందు జేబు మీద చెయ్యి వెయ్యి, ఆ తర్వాత అటు చూడు.

మగపిల్లలు సిగ్గుతో చెప్పుకోని మోసాలు ఇంకో రకం. డేటింగ్ యాప్‌లో పరిచయమైన అమ్మాయి తనే పబ్బు పేరు చెప్పి రమ్మంటుంది, గంటలో వేలకు వేలు బిల్లు, అమ్మాయి మాయం, గుమ్మం దగ్గర బౌన్సర్లు. రాత్రిపూట ఒకావిడ లిఫ్ట్ అడిగి కొంత దూరం వెళ్ళాక 'డబ్బులివ్వకపోతే అరుస్తాను' అనేది మరొకటి. హైదరాబాద్‌లో రెండూ జరిగాయి. ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని కిక్కురుమనకుండా డబ్బు కట్టేస్తారు, వాళ్ళ వ్యాపారం నడిచేదే ఆ పరువు మీద. 112కి చెయ్యి, అక్కడే నిలబడి చెయ్యి. ఇంట్లోవాళ్ళ తిట్లు తర్వాత తినొచ్చు.

ప్రశ్న: పిల్లలు ఖైరతాబాద్ గణపతిని, ట్యాంక్‌బండ్ నిమజ్జనాన్ని చూపించమని ప్రాణం తీస్తున్నారు. సంధ్య థియేటర్ దగ్గర జరిగింది చూశాక నాకు జనం అంటేనే భయం. తీసుకెళ్ళమంటారా? (వరంగల్ నుంచి)

జవాబు: గణపతిని చూపించండి, నిమజ్జనం రోజు కాకుండా ముందు వారంలో, పనిరోజు మధ్యాహ్నం. విగ్రహం అదే, జనం వేరు. నిమజ్జనం టీవీలో బాగా కనపడుతుంది, భుజాల మీద ఎక్కించుకున్నా పిల్లలకి అక్కడ కనపడేది ముందువాళ్ళ తలకాయలే.

మీ భయం ఉత్తది కాదు. 2024 డిసెంబర్ 4న సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, నెల తిరిగేసరికి 2025 జనవరి 8న తిరుపతిలో దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్ళు ఆరుగురు, జూన్ 4న బెంగళూరు స్టేడియం బయట పదకొండు మంది. తొక్కిసలాట అంటే కాళ్ళకింద పడి పోవడం అనుకుంటాం గానీ, చాలామంది నిలబడే పోతారు. నాలుగు వైపులా ఒత్తిడికి ఛాతీ విచ్చుకోదు, ఊపిరి అందదు. చదరపు మీటరు చోటులో అయిదారుగురు చేరారంటే ప్రమాదం మొదలైనట్టే. కొలవడానికి టేపు అక్కర్లేదు: పక్కవాళ్ళు రెండు వైపులా తగులుతున్నారు, చేతులు పైకి ఎత్తడం కష్టంగా ఉంది అనిపిస్తే అప్పుడే బయటపడాలి. ఇంకాసేపు చూద్దాం, ఇంత దూరం వచ్చాం కదా అనుకునే ఆ కాసేపట్లోనే దారులు మూసుకుపోతాయి.

ఇరుక్కుపోతే మోచేతులు మడిచి ఛాతీ ముందు అడ్డం పెట్టుకోండి, ఊపిరికి చోటు ఉండాలి. గుంపుకి ఎదురు తోయొద్దు, అది కదిలినప్పుడు దానితోపాటే కదులుతూ, ఆగినప్పుడల్లా పక్కకి ఒక్కో అడుగు వేస్తూ అంచుకి చేరాలి. గోడలకీ గేట్లకీ బారికేడ్లకీ దూరంగా ఉండాలి, ఒత్తిడి అంతా అక్కడే చేరుతుంది. చెప్పు ఊడినా ఫోన్ పడినా వంగొద్దు. చిన్నపిల్లని చెయ్యి పట్టుకుని నడిపించొద్దు, ఎత్తుకోండి. అరవొద్దు, ఊపిరి దాచుకోండి. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో వెళ్ళగానే ఒక చోటు చూపించి, 'చెప్పు, ఎక్కడ?' అని తిరిగి చెప్పించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి షికాగోలో ఎమ్మెస్ చేస్తున్నాడు. అక్కడ మన పిల్లల మీద దాడుల వార్తలు వస్తుంటే నిద్రపట్టడం లేదు. ఏం చెప్పాలి? (కరీంనగర్)

జవాబు: 2024 ఫిబ్రవరిలో అక్కడ హైదరాబాద్ విద్యార్థి మీద దాడి చేసి ఫోన్ లాక్కుపోయిన వీడియో మీరూ చూసే ఉంటారు. అక్కడికీ ఇక్కడికీ పెద్ద తేడా తుపాకీ. ఎవరైనా అడ్డగించి అడిగితే ఫోన్, పర్సు ఇచ్చేయాలి, గింజుకోకూడదు, వెంటపడకూడదు, ఆ తర్వాత అక్కడి అత్యవసర నంబరు 911. చాలా యూనివర్సిటీల్లో రాత్రిపూట లైబ్రరీ నుంచి గదికి చేర్చే ఉచిత ఏర్పాటు ఉంటుంది, మన పిల్లలు దాన్నీ అడగరు. గ్యాస్ స్టేషన్లలో, చిన్న షాపుల్లో రాత్రి డ్యూటీలు చేస్తూ దోపిడీల్లో చనిపోయినవాళ్ళలో మనవాళ్ళు ఉన్నారు. వీసాకి విరుద్ధంగా పనిచేస్తుంటే ఏదైనా జరిగినా పోలీసులకి చెప్పడానికి భయపడతారు. అందుకని ఫోన్‌లో 'తిన్నావా' అని అడిగినట్టే 'డబ్బులకి ఇబ్బందిగా ఉందా' అని కూడా అడగండి. షికాగోలో మన కాన్సులేట్ ఉంది, దాని అత్యవసర నంబరు మీ దగ్గరా ఉండనివ్వండి.

ప్రశ్న: పెప్పర్ స్ప్రే పెట్టుకోవచ్చా? పోలీసులు పట్టుకుంటారా? (విజయవాడ)

జవాబు: పెట్టుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. బ్యాగు అడుగున లంచ్‌బాక్స్ కింద ఉంటే మాత్రం లేనట్టే. సందులోకి తిరిగేముందే చేతిలోకి తీసుకోండి, గాలి ఎటు వీస్తుందో చూసుకోండి, ఎక్స్‌పైరీ తేదీ చూడండి. కొట్టాక అక్కడే నిలబడి ఏమైందో చూడొద్దు, పరుగెత్తండి.

ప్రశ్న: వానాకాలంలో స్కూటీ ఆగిపోతే నీళ్ళలో దిగి నడవాల్సి వస్తుంది. అది కూడా భద్రతే కదా, దాని గురించి రాయరేం? (మలక్‌పేట)

జవాబు: రాయాల్సిందే. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో వానలో పాల కోసం వెళ్ళిన పాప నాలాలో పడి చనిపోయింది. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే గంట ఎక్కడైనా ఆగండి, ఆఫీసులో ఏమన్నా అననివ్వండి. దిగక తప్పకపోతే ఫుట్‌పాత్ అంచు కాకుండా రోడ్డు మధ్య డివైడర్ పక్కన, గొడుగునో కర్రనో ముందు ఆనించి చూసుకుంటూ నడవండి. నీళ్ళు సుడి తిరుగుతున్నచోట కింద మూత లేదని లెక్క. కరెంటు స్తంభాన్ని పట్టుకోవద్దు.

ప్రశ్న: ఆటో ఎక్కగానే 'ఒక్కరే ఉంటారా మేడమ్, ఏ ఊరు, పెళ్ళైందా' అని అడుగుతుంటారు. జవాబు చెప్పకపోతే పొగరు అనుకుంటారేమో. ఏం చెప్పాలి? (కూకట్‌పల్లి నుంచి ఒక అమ్మాయి)

జవాబు: అనుకోనివ్వమ్మా, ఆయనతో మళ్ళీ నీకేం పని? చాలామంది ఊరికే కాలక్షేపానికే అడుగుతారు, అది నిజమే. అయినా ఎవరు ఎందుకు అడుగుతున్నారో మీటరు తిరుగుతుండగా తేల్చుకోలేవు. అబద్ధం చెప్పెయ్. మా అన్నయ్య దిగేచోట నిలబడి ఉన్నాడు, పోలీసు డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాడు అను. అన్నయ్య లేకపోతే ఇవాళ్టి నుంచి ఉన్నాడనుకో. ఇంటి ముందు కాకుండా రెండిళ్ళ అవతల దిగు, ఆటో వెళ్ళిపోయాక గేటు తియ్యి.